ఒకే మిర్చి ధరకు మూడు మోడల్స్ ఎందుకు?

"ఎకనామిక్స్‌లో ఒకే విషయానికి రెండు మూడు మోడల్స్ చెబుతారు. ఒకదానితో ఒకటి పొసగదు, పైగా అన్నీ లోకంలో లేని ఊహల మీదే నడుస్తాయి. మరి ఏది నిజం? ఇది అసలు శాస్త్రమేనా?" అని ఒకరు నన్ను అడిగారు. ఎం.ఏ. చదివే రోజుల్లో నన్నూ బాగా వేధించిన ప్రశ్న ఇది. మాది గుంటూరు జిల్లాలో మిర్చి వేసే కుటుంబం కాబట్టి ఆ పంటతోనే చెబుతాను.

మిర్చి ధర అంతలా ఎందుకు ఊగుతుంది? క్లాసులో మాకు మొదట చెప్పింది కాబ్‌వెబ్ మోడల్. కాబ్‌వెబ్ అంటే సాలెగూడు, 1934లో ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ పెట్టిన పేరు అది. ఇందులో రైతు నిరుటి ధర చూసి ఈ ఏడు పంట వేస్తాడు. ధర బాగుంటే అందరూ వేస్తారు, సరుకు ముంచెత్తి ధర పడిపోతుంది. మరుసటి ఏడు చాలామంది మానుకుంటారు, ధర మళ్లీ లేస్తుంది. ఏటా దెబ్బ తింటూ కూడా రైతు ఏమీ నేర్చుకోడా అన్నది 1961లో మరో ఆర్థికవేత్త జాన్ మూత్ లేవనెత్తిన సందేహం. ఆయన మోడల్లో రైతు అందిన సమాచారమంతా వాడి ముందుచూపుతో లెక్క వేస్తాడు. ధరను ఊపేది ముందుగా ఎవరికీ తెలియని వాన, తెగులు లాంటివే. మూడోది నిల్వల మోడల్. ధర తగ్గితే సరుకు కోల్డ్ స్టోరేజీకి వెళ్తుంది కాబట్టి ధర మరీ పాతాళానికి పోదు. కానీ వచ్చే ఏటి పంటను ఇప్పుడే తెచ్చుకోలేం, అందుకని నిల్వలు అయిపోతే ధర ఒక్కసారిగా ఎగురుతుంది.

మా నాన్నలో ఈ ముగ్గురు రైతులూ తలా కాస్త ఉన్నారు. నారు కొనే రోజుల్లో ఊళ్లో అందరి నోటా నిరుటి ధరే, ఆయన నోటా అదే. కానీ "పక్క మండలాల వాళ్లూ ఎగబడి వేస్తున్నారు, మనం ఒక ఎకరం తగ్గిద్దాం" అన్నదీ ఆయనే. కాయ ఎండాక కళ్లంలో తాలు ఏరించి, మేలు కాయను టిక్కీలకెత్తి (బస్తాలకెత్తి), కొంత మార్కెట్ యార్డుకి, కొంత కోల్డ్ స్టోరేజీకి పంపేవారు. ఎంత దాచాలన్నది ఆయన ఇష్టం మీద ఉండేది కాదు. కోత కూలీ, ఎరువుల కొట్టు బాకీ, కౌలు తీరాక మిగిలిందే నిల్వకి. క్లాసులో చెప్పిన నిల్వల మోడల్లో అప్పు అనేదే లేదు.

కాల్డార్ రైతు, మూత్ రైతు ఒకే మనిషి కాలేరు, అది నిజమే. కానీ ఒక్కో మోడల్ వేసుకునే ప్రశ్న ఇంతే: మిగతా కారణాలన్నీ ఆపేసి ఈ ఒక్కదాన్నే వదిలితే ధర ఎలా నడుస్తుంది? అన్నీ కలిపి ఒకే పెద్ద మోడల్ కట్టొచ్చు కదా అంటే, జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెవిన్స్ 1966లోనే దాని ఇబ్బంది చెప్పాడు. అన్నిచోట్లా వర్తించడం, వాస్తవానికి దగ్గరగా ఉండటం, లెక్క ఖచ్చితంగా రావడం, ఈ మూడూ ఒకే మోడల్లో నిండుగా దొరకవు. అందుకే వేర్వేరు ఊహలున్న మోడల్స్ పక్కపక్కన పెట్టి, అన్నిటిలోనూ నిలిచేదేమిటో చూడమన్నాడు.

మిర్చిలో అలా నిలిచేది ఒకటుంది. ధర సగమైందని ఎవరూ రెట్టింపు కారం తినరు. కాబట్టి పంటలో చిన్న తేడా ధరలో పెద్ద తేడా అవుతుంది. రైతు వెనక్కి చూసినా, ముందుకి చూసినా అది మారదు, నిల్వలు దాని పదును కాస్త తగ్గిస్తాయంతే.

మోడల్స్ విభేదించే చోట డేటాని అడగాలి. కాబ్‌వెబ్ ప్రకారం ఎక్కువ ధర వెనకే తక్కువ ధర రావాలి. నిల్వల ప్రకారం ఈ ఏటి ధర వచ్చే ఏటికీ కొంత పాకాలి. 1992లో ఆర్థికవేత్తలు ఆంగస్ డీటన్, గీ లరోక్ కాఫీ, పత్తి, జనపనార, బియ్యం వంటి 13 సరుకుల ధరలు 1900 నుంచి 1987 దాకా పరిశీలించారు. ఒక ఏటి ధరకీ మరుసటి ఏటి ధరకీ గట్టి సంబంధం కనిపించింది. ఇది కాబ్‌వెబ్‌కి ఎదురుదెబ్బే. కానీ అంత గట్టి సంబంధాన్ని వాళ్ల నిల్వల మోడల్ కూడా పూర్తిగా వివరించలేకపోయింది. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఈ రెండో సంగతే, ఇంకేం వెతకాలో అది చెబుతుంది.

ఊహలు అబద్ధమైనా అంచనా కుదిరితే చాలని 1953లో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదించాడు. నేను ఒప్పుకోలేను. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించింది. అది సరైన మందేనా అన్నది ధర ఎందుకు పడిందన్నదాని మీద ఉంటుంది. అందరూ నిరుటి ధర చూసి వేశారంటే నారు పోయకముందే సాగు అంచనాలు ఊళ్లకి చేరాలి. బాకీల ఒత్తిడితో ఒకేసారి అమ్ముకున్నారంటే కోల్డ్ స్టోరేజీ సరుకు మీద తక్కువ వడ్డీకి అప్పు దొరకాలి.

చేతిలో ఇన్ని మోడల్స్ ఉంటే, కావలసిన జవాబుకి సరిపడేది ఏరుకునే ప్రమాదమూ ఉంది. దానికి నేను పాటించే పద్ధతి, ఏ వివరం కనబడితే ఏ మోడల్‌ని పక్కన పెడతానో లెక్కలు చూడకముందే రాసిపెట్టుకోవడం. మిర్చికైతే మూడు వివరాలు చూస్తాను: సాగు విస్తీర్ణం నిరుటి ధర వెంట నడిచిందా, సీజన్ మొదట్లో కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు ఎంత ఉంది, కోతయిన నెలలోపే అమ్ముకోక తప్పని రైతులు ఎందరు.