నొప్పులు తీసుకున్నాడా, కష్టపడ్డాడా?

సందేహం: ఒక అనువాద వ్యాసంలో 'ఈ నిఘంటువు కోసం ఆయన ఎన్నో నొప్పులు తీసుకున్నాడు' అని చదివాను. మూలంలో 'పెయిన్స్' అని ఉండి ఉంటుంది. పెయిన్‌ని తెలుగులో నొప్పి అనాలా, బాధ అనాలా?

సమాధానం: మీ అనుమానం సబబే. ఇంగ్లీషులో 'టేక్ పెయిన్స్' అంటే శ్రమపడటం. తెలుగులో ఉత్త 'నొప్పులు' అంటే ముందు తట్టేది పురుడే. 'నొప్పులు మొదలయ్యాయి' అని వినగానే ఇంట్లో అందరికీ టెన్షన్! పాపం, ఆ నిఘంటుకర్త. 'ఎంతో కష్టపడ్డాడు' అంటే సరిపోయేది. మన 'కష్టం'లో బాధా ఉంది (కష్టాల్లో ఉన్నాడు), శ్రమా ఉంది (కష్టపడి చదివాడు).

అసలు పెయిన్ పుట్టుకతో నొప్పి కాదు, శిక్ష. లాటిన్ 'పోయెన' ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. పెనాల్టీ, పీనల్ కోడ్‌లోని పీనల్ దాని చుట్టాలే. అందుకే 'ఆన్ పెయిన్ ఆఫ్ డెత్' అంటే 'మాట మీరితే మరణశిక్ష' అని. అక్కడ నొప్పి ప్రసక్తే లేదు.

ఇక నొప్పి ఒంటికి, బాధ మనసుకు అని గీత గీయలేం. మాట పడితే మనసు నొచ్చుకుంటుంది. పంటిబాధ ఒంటిదే. అప్పుల బాధ, దోమల బాధ సరేసరి. 'వేదన'కు మూలమైన 'విద్' ధాతువుకు తెలుసుకోవడం అని అర్థం. బౌద్ధంలో సుఖానుభూతి కూడా వేదనే. తెలుగులో మాత్రం దుఃఖమే మిగిలింది.

ఒంటి నొప్పికి మనకున్నన్ని మాటలు ఉండగా 'పెయిన్‌గా ఉంది' అని సరిపెట్టుకోవడమే నాకు నచ్చదు. పుండు సలుపుతుంది, కాళ్ళు పీకుతాయి, మెడ పట్టేస్తుంది, కళ్ళు మండుతాయి. తెలంగాణలో కాళ్ళు గుంజుతాయి, కడుపు నొస్తుంది. చెవిపోటు, గుండెపోటు అన్నప్పుడు ఆ 'పోటు' పొడవడం నుంచి వచ్చినదే, కత్తిపోటులో ఉన్నదే. 'సలుపుతోంది' అని చెబితే డాక్టరుకు సగం సంగతి తెలిసిపోతుంది.

అన్నట్టు, విసిగించే మనిషిని ఇంగ్లీషువాళ్ళు 'పెయిన్ ఇన్ ద నెక్' అంటారు. మనకు అతను తలనొప్పి. మెడనొప్పి అని రాస్తే పాఠకుడు బామ్ వెతుక్కుంటాడు.