యెషయా 7:14 ఆహాజు రాజుకు చెప్పిన మాటైతే, యేసు గురించి ఎలా అవుతుంది?

క్రిస్మస్‌కు కాజీపేట చర్చిల్లో "కన్యక గర్భవతియై" అనే వచనం వింటాం కానీ, ఆ అధ్యాయం మొదటి నుంచి చదివేవాళ్లు తక్కువ. మీరు చదివారు కాబట్టే ఈ డౌట్ వచ్చింది.

సిరియా, ఇశ్రాయేలు రాజులు కలిసి యెరూషలేము మీదికి వచ్చినప్పుడు యూదా రాజు ఆహాజుకు ఇచ్చిన గుర్తు అది. పుట్టే బిడ్డకు మంచిచెడ్డలు తెలిసేలోపే ఆ ఇద్దరి దేశాలు పాడవుతాయని 16వ వచనం. క్రీ.పూ. 732లో సిరియా రాజధాని దమస్కు అష్షూరు సామ్రాజ్యం చేతిలో పడింది కూడా.

మరి ఇదే వచనాన్ని యేసు పుట్టుకకు అన్వయించిన మత్తయి 1:23 సంగతి? ఖిలా వరంగల్‌లో ఒక కీర్తి తోరణం లోంచి చూస్తే ఎదుటి తోరణం కనిపిస్తుంది. ఫొటోలో రెండూ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, నడిస్తేగాని మధ్య దూరం తెలియదు. చాలామంది క్రైస్తవ వ్యాఖ్యాతలు ఈ ప్రవచనాన్ని అలాగే చూస్తారు: దగ్గరి నెరవేర్పు ఆహాజు రోజుల్లో, పూర్తిది యేసులో. మొదటి నుంచీ మెస్సీయ గురించే అనేవాళ్లూ ఉన్నారు. నాకైతే 16వ వచనాన్ని దాటేయడం కష్టం.

'కన్యక' అన్నచోట హీబ్రూలో ఉన్న మాట 'అల్మా', అంటే యువతి. యూదులే చేసిన పాత గ్రీకు అనువాదం దాన్ని 'పార్థెనోస్', అంటే కన్య అంది. మత్తయి వాడింది ఆ మాటే. యూదులు మాత్రం ఈ అన్వయాన్ని ఒప్పుకోరు.