అడ్మిషన్ రిజిస్టరు నీ చేతికొచ్చే ముందు

అమ్మా,

ఆశీస్సులు. నీకు హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చిందని, కౌన్సెలింగ్‌లో ఆదోని వైపే ఒక జిల్లా పరిషత్ హైస్కూలు కోరుకున్నావని చెప్పినప్పుడు ఎంత సంతోషమైందో మాటల్లో చెప్పలేను. టౌను పక్కన ఖాళీలున్నా ఈ పల్లెకే వస్తానన్నావు. నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లవు, రేపు నేను కూర్చున్నలాంటి కుర్చీలోనే కూర్చోబోతున్నావు.

ఫోన్లో నువ్వు ముందుగా అడిగింది రిజల్ట్ గురించి. "సార్, పాస్ పర్సెంటేజీ ఎట్లా పెంచాల?" అన్నావు. అప్పుడు ఏదో రెండు మాటలు చెప్పి పెట్టేశాను గానీ రాత్రంతా అదే ఆలోచన. పదో తరగతి రిజల్ట్ మార్చిలో తయారుకాదమ్మా. అది చాలావరకు ఐదేళ్ళ ముందు, జూన్ నెలలో, నీ ఆఫీసు గదిలో అడ్మిషన్ల బల్ల దగ్గర మొదలవుతుంది. అందుకే ముందు ఆ బల్ల గురించే రాస్తాను.

బడి జూన్ 12న తెరుస్తారు. నువ్వు ఆ రోజు దాకా ఆగకు. నీ హైస్కూలుకు పిల్లల్ని పంపే ప్రైమరీ స్కూళ్ళు ఎన్ని ఉన్నాయో, ఒక్కోదాంట్లో ఐదో తరగతి పిల్లలు ఎందరున్నారో మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో లిస్టు దొరుకుతుంది. ఆ లిస్టు పట్టుకుని ఊరూరూ తిరుగు. ఎండగా ఉంటుంది, పొద్దున్నే పో. తొమ్మిది దాటితే ఇళ్ళ దగ్గర పెద్దవాళ్ళు ఉండరు. లిస్టులో ఉండి నీ దగ్గర చేరని పేరు ప్రతిదానికీ ఒక జవాబు నీ దగ్గర ఉండాలి. కాన్వెంటుకు పోయిందా, గురుకులంలో సీటొచ్చిందా, కస్తూర్బా ఆడపిల్లల హాస్టలు బడికి పోయిందా, లేక ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకుంటోందా. ఆ చివరి రకం పిల్ల కోసమే నిన్ను తిరగమంటున్నది.

నా తప్పొకటి చెప్తాను. హెడ్మాస్టరయిన కొత్తలో, జూలైలో, ఒక తండ్రి తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. గుంటూరు వైపు పనికి పోయి వచ్చారు. పిల్ల అక్కడ కొన్నాళ్ళు, ఇక్కడ కొన్నాళ్ళు చదివింది. చేతిలో పాత బడి ఇచ్చే రికార్డు షీటు లేదు. కాయితం తెచ్చుకో, చేర్చుకుంటానన్నాను. ఆయన సరే సార్ అని తలూపి పోయాడు. మళ్ళీ రాలేదు. నేనూ అడగలేదు. మరుసటి ఏడు దీపావళి దాటాక, కూలీలను ఎక్కించుకుని పోతున్న ట్రాక్టర్లో, మూటల మధ్య ఆ పిల్లను చూశాను. నన్ను చూసి నమస్తే సార్ అంది. ఆ నమస్తే ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచే అమల్లో ఉంది. పాత బడి నుంచి రావలసిన టీసీ (బదిలీ సర్టిఫికెట్) ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. పుట్టిన తేదీ రుజువు లేదని వెనక్కి పంపకూడదు. గడువు దాటి వచ్చినా కాదనకూడదు. ఏ చదువూ లేని పిల్లయినా వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలు మనమే చెప్పించాలి. ఇవన్నీ చట్టంలో రాసి ఉన్న మాటలే, ఎనిమిదో తరగతి దాకా. అప్పుడు నాకు తెలియక కాదు, ఆడిట్‌లో కాయితం అడుగుతారన్న భయం. నువ్వు ఆ భయం పెట్టుకోకు. ముందు పిల్లను తరగతిలో కూర్చోబెట్టు, కాయితాల కోసం నువ్వే ఫోన్లు చెయ్. ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వని ప్రైవేటు స్కూళ్ళుంటాయి. ఆన్‌లైన్‌లో పిల్లకుండే శాశ్వత విద్యా నంబరు, అదే పెన్ నంబరు, కొత్త బడికి వదలకుండా పట్టుకుని కూర్చునేవాళ్ళుంటారు. అది నువ్వూ, ఎంఈఓ కలిసి తేల్చుకోవలసిన పని. మధ్యలో పిల్ల ఇంటి దగ్గర ఉండకూడదు.

రిజిస్టరులో పేరు నువ్వే రాయి, లేదా పక్కన కూర్చుని రాయించు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఇంగ్లీషు స్పెల్లింగు ఆధార్‌తో సరిచూడు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పడిన పుట్టిన తేదీయే బతుకంతా చెల్లుతుంది. ఒక అక్షరం తేడా వస్తే ఆ పిల్ల పెద్దయ్యాక పాస్‌పోర్టు కోసమో ఉద్యోగం కోసమో నీ ఆఫీసు మెట్ల మీద కూర్చోవలసి వస్తుంది. మా పెద్దవాళ్ళు పుట్టిన తేదీ తెలియకపోతే అందరికీ జూన్ 1 అనో జూలై 1 అనో వేసేసేవాళ్ళు. నువ్వు అట్లా వేయకు. ఒకసారి ఒక తల్లిని కూర్చోబెట్టి మెల్లగా అడిగితే, "ఉరుకుంద ఈరన్న దగ్గరికి పోయొచ్చిన వారానికి పుట్టింది సార్" అంది. అంటే శ్రావణం. ఏ ఏడో ఇంకో నాలుగు ప్రశ్నలతో తేలింది. ఆ తర్వాత అంగన్‌వాడీ రిజిస్టరు తిరగేస్తే తేదీయే దొరికింది. పుట్టుమచ్చలు కూడా ఏదో ఒకటి రాసెయ్యొద్దు. పిల్ల సిగ్గుపడుతూ మోచేయి తిప్పి చూపించి, "ఇక్కడొకటి, మెడకాడ ఒకటి" అంటుంది. ఆ రెండు నిమిషాల్లో ఆ పిల్లకు నీతో పరిచయం అవుతుంది.

బల్ల దగ్గర ఇంకో మాట వింటావు. "కొడుకును కాన్వెంటులో ఏసినా మేడం, పాపను ఈడ ఏస్తాన్నా." ఆ తండ్రి మీద కోప్పడకు. ఆయన దగ్గర ఒక్కరి ఫీజుకే డబ్బుంది. ఆ పాప నీ బడిలో బాగా చదివితే, రెండేళ్ళకు తమ్ముణ్ణి కూడా ఆయనే తీసుకొస్తాడు. నేను చూశాను.

ఇక చేరిన పిల్లలు. మొదటి వారంలోనే ఆరో తరగతి పిల్లలందరి చేతా ఒక్కొక్కరిగా మూడో తరగతి తెలుగు వాచకం చదివించు. అప్పు తెచ్చుకునే తీసివేత ఒకటి, చిన్న భాగహారం ఒకటి ఇవ్వు. గుండె బరువెక్కుతుంది, అయినా చేయి. చదవలేని పిల్లలకు దసరా దాకా రోజూ ఒక పీరియడు విడిగా పెట్టు. ఇప్పుడు పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉంటాయి. తెలుగు పేజీయే కూడబలుక్కుని చదివే పిల్లకు ఇంగ్లీషు పేజీ మీద వేలు పెట్టి చదవమంటే అది చదువు కాదు, కంఠతా.

ఇక్కడ నీకు స్టాఫ్ రూంలో చిక్కు వస్తుంది. మంచి లెక్కల టీచరును అందరూ పదో తరగతికే కట్టేస్తారు. నువ్వు ఆయనకు ఆరో తరగతి కూడా ఇవ్వు. మొదట ఒప్పుకోరు. పదో తరగతిలో లెక్కలు తప్పే పిల్లలకు తగిలేది త్రికోణమితి కాదు, భిన్నాలు. ఆ సంగతి ఆ సారుకు నీకంటే బాగా తెలుసు. గౌరవంగా అడుగు, ఒప్పుకుంటారు.

మన ప్రాంతం సంగతి వేరే చెప్పాలి. 2024లో పది ఫలితాలు వచ్చినప్పుడు రాష్ట్రం మొత్తం మీద 86.69 శాతం పాసయితే, 96.37 శాతంతో పార్వతీపురం మన్యం జిల్లా మొదట నిలిచింది. మన కర్నూలు 62.47తో చిట్టచివర. ఆ రోజు పేపరు చదివి నాకు అన్నం సయించలేదు. మన పిల్లలకు తెలివి తక్కువా? వాళ్ళు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారమ్మా. నీకు కొత్తగా చెప్పేదేముంది, నీ తరగతిలో నీ పక్కన కూర్చున్న పిల్లే నవంబర్ నుంచి కనిపించేది కాదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల్లో దీపావళి దాటితే వీధులకు వీధులే ఖాళీ. తెలంగాణకు పత్తి తీయను, గుంటూరుకు మిరప కోయను. ఉగాదికి తిరిగొస్తారు. పరీక్షలేమో ఉగాదికి ముందే, మార్చి మధ్యలోనే మొదలవుతాయి.

కాబట్టి దసరా సెలవులకు ముందే ఒక నోటు పుస్తకం పెట్టు. ఏ ఇంటి వాళ్ళు పోతారు, ఏ ఊరికి, కూలీలను తీసుకుపోయే ఏ మేస్త్రీ కింద, ఇంట్లో అవ్వ ఎవరైనా మిగులుతారా. మేస్త్రీ ఫోన్ నంబరు తప్పకుండా రాసుకో. పిల్లను అవ్వ దగ్గర వదిలిపెట్టమని అడుగు. అవ్వ లేకపోతే, వలస పోయేవాళ్ళ పిల్లల్ని ఉంచుకునే సీజనల్ హాస్టల్ కోసం ప్రతిపాదన ముందుగానే పంపు. పిల్లలు బండెక్కాక మంజూరైతే లాభం లేదు. ఎంఈఓ ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరగాల్సి వస్తుంది, తిరుగు. అన్నీ చేసినా కొందరు పోతారు. వాళ్ళను తిట్టొద్దు. పుస్తకాలు సంచిలో పెట్టి పంపు, వారానికోసారి ఫోన్ చెయ్, పరీక్షకు పది రోజుల ముందు మేస్త్రీకి చెప్పి రప్పించు.

అట్లా రప్పించిన పిల్లవాడొకడు ఒక ఏడు సరిగ్గా తెలుగు పరీక్ష ముందురోజు సాయంత్రం దిగాడు. హాల్ టికెట్ ఇస్తుంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. చూస్తే వేళ్ళ కొసలు ఎర్రగా పొంగి ఉన్నాయి, మిరప మంట. రాత్రంతా చేతులు కొబ్బరినూనెలో పెట్టుకుని కూర్చున్నాడంట. పొద్దున పెన్ను పట్టి రాశాడు. ఆ ఏడు లెక్కల్లో తప్పాడు, సప్లిమెంటరీలో గట్టెక్కాడు. ఆ పాస్ మన పర్సెంటేజీలో కలవలేదు. నా వరకు ఆ ఏడు బడిలో అంతకంటే పెద్ద రిజల్ట్ లేదు.

ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి చదివే బడి గదా, దాని గురించి కొంచెం. మా రోజుల్లో హాజరు పట్టీలో ఆడపిల్లల పేర్లు ఎర్ర సిరాతో రాసేవాళ్ళం, లెక్క తేలిగ్గా తెలియడానికని. ఏళ్ళ తరబడి నేనూ రాశాను. ఇప్పుడు ఆలోచిస్తే, రోజూ పిలిచే పేరును వేరు రంగులో పెట్టడం నాకు నచ్చడం లేదు. ఒకే రంగులో రాయించు. సైన్సు ప్రయోగంలో మగపిల్లలు పరికరం పట్టుకుని, ఆడపిల్లలు నోట్స్ రాసుకునే అలవాటు ఉంటుంది. రెండో రోజే మార్చు.

మరుగుదొడ్డి తలుపుకు లోపలి గడియ ఉందా, నీళ్ళు వస్తున్నాయా, చెత్తబుట్ట ఉందా అనేది నువ్వు స్వయంగా లోపలికి పోయి చూడు. 2021లో 'స్వేచ్ఛ' పథకం కింద ఆడపిల్లలకు నెలకు పది న్యాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మా బడిలో అవి నా ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళం. ఏ పిల్ల వచ్చి నన్ను అడుగుతుంది? ఒక టీచరమ్మే చెప్పింది నాకు. ఆ తర్వాత తాళంచెవి ఆమె దగ్గరే ఉంచాం. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు నెలలో నాలుగు రోజులు మానడం తగ్గింది.

ఇంకొకటి, ఇది చాలా జాగ్రత్తగా చదువు. ఏదో ఒక రోజు ఒక టీచరు నీ బల్ల మీద మడతపెట్టిన కాయితం తెచ్చి పెడతారు. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒక పిల్లకు రాసిన చీటీ. నీకు కోపం, భయం రెండూ వస్తాయి. వెంటనే తండ్రికి ఫోన్ చేయాలనిపిస్తుంది. చేయకు. మన పల్లెల్లో ఆ ఫోన్ తర్వాత పిల్ల బడికి రాదు. రెండు నెలల్లో పెళ్ళి మాటలు మొదలవుతాయి. చీటీ రాసింది వాడు, బడి పోయేది ఆ పిల్లకు. ఆ కాయితం నీ దగ్గరే ఉంచు, స్టాఫ్ రూంలో చదివించకు, ప్రేయర్‌లో దాని మాటెత్తకు. ఇద్దరితో విడివిడిగా మాట్లాడు. పిల్లకు బెదిరింపు ఏమైనా ఉంటే అది వేరే సంగతి, అప్పుడు గట్టిగా నిలబడు. పెళ్ళి చేస్తున్నారని తెలిస్తే ముందు తల్లితో, తర్వాత ఊరి పెద్దలతో మాట్లాడు. వినకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్. చెడ్డపేరు నీకొస్తుంది. రానీ.

మగపిల్లల్ని మరిచిపోకు. అదే 2024లో రాష్ట్రంలో ఆడపిల్లలు 89.17 శాతం పాసయితే మగపిల్లలు 84.32. మన దగ్గర వాళ్ళు ఆదోని పత్తి మిల్లుల్లోకో, బెంగళూరు పనుల్లోకో జారిపోతారు. చేతికి నాలుగు రూపాయలు వస్తే మళ్ళీ బెంచీ మీద కూర్చోవడం కష్టం. ఆటల పీరియడు ఎత్తేయకుండా ఉంటే సగం మంది దానికోసమైనా వస్తారు. పీఈటీ సారును స్టడీ అవర్‌కు కాపలా పెట్టొద్దు.

పదో తరగతి గురించి చివరికి వచ్చాను. స్లిప్ టెస్టులు, ప్రీ ఫైనల్, ఒక్కో టీచరు దత్తత తీసుకునే వెనకబడిన పిల్లలు ఇవన్నీ నీకు తెలిసినవే. మొత్తం ఆరు వందల మార్కులు, ఒక్కో సబ్జెక్టులో పాసుకు 35, హిందీకి 20. భౌతికం, జీవశాస్త్రం చెరి యాభై, రెండూ కలిపి 35 వస్తే చాలు. ఈ లెక్క పిల్లలకు నవంబర్‌లోనే బోర్డు మీద వేసి చెప్పు, సగం టెన్షన్ తగ్గుతుంది. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించు, ఎంపికైతే ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్ళు వస్తుంది. సర్కారు బడి పిల్లలకు ట్రిపుల్ ఐటీ సీట్లలో 4 శాతం మార్కులు కలుపుతారని తల్లిదండ్రుల మీటింగులో చెప్పు. మన వాళ్ళలో చాలామందికి ఇది తెలియదు.

నిన్ను ఒక్క పనికి మాత్రం బలవంతపెడతారు. నూరు శాతం రావాలంటే నామినల్ రోల్స్‌లోంచి, అంటే పరీక్షకు పంపే పేర్ల పట్టీలోంచి, వీక్ పిల్లల పేర్లు తీసేయమని, తొమ్మిదిలోనే టీసీ ఇచ్చి పంపేయమని మంచిగానే సలహా ఇస్తారు. నీ మేలు కోరేవాళ్ళే చెప్తారు. ఒప్పుకోకు. అందుకే నీ డ్రాయర్లో ఇంకో లెక్క పెట్టుకోమంటాను. ఆరులో 62 మంది చేరారనుకో. పదిలో 41 మంది రాశారు, 33 మంది పాసయ్యారు. పై ఆఫీసుకు పోయే కాయితంలో అది 80 శాతం. నీ పుస్తకంలో మాత్రం 62 పేర్లూ ఉండాలి, ఒక్కో పేరు ఎదురుగా ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో ఉండాలి. మీటింగుల్లో అడిగేది మొదటి లెక్క. రెండోది నిన్ను ఎవరూ అడగరు. నువ్వే అడుక్కోవాలి.

నామినల్ రోల్స్ సరిచూసేటప్పుడు ప్రతి పిల్లనూ పిలిచి, పేరు, తండ్రి పేరు, తేదీ గట్టిగా చదివించి సంతకం పెట్టించు. కళ్ళు అలసిపోయే పని, రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు నాకు ముందుగా చెప్పు. పొద్దున మొదటి బస్సుకు వచ్చేస్తాను. అడ్మిషన్ రిజిస్టరు నేను పట్టుకుని చదువుతాను, నువ్వు సరిచూసుకో.

మీ సార్