యేసు విషయంలో బైబిల్, ఖుర్ఆన్‌లలో ఏది చరిత్రకు దగ్గర?

"ముస్లింలు, క్రైస్తవులు ఇద్దరూ యేసును గౌరవిస్తారు. మరి సిలువ దగ్గరికి వచ్చేసరికి రెండు గ్రంథాలు ఎందుకు విడిపోయాయి? చరిత్ర ప్రకారం ఎవరిది కరెక్టు?" అని అడిగారు. ఈ ప్రశ్నతో నేను నాలుగేళ్లు ఒకే గదిలో కాపురం చేశాను. నేను పుట్టింది క్రైస్తవ కుటుంబంలో. హాస్టల్లో నా రూమ్మేట్ ముస్లిం, ఖుర్ఆన్‌లో చాలా సూరాలు (అధ్యాయాలు) వాడికి నోటికి వచ్చు. రాత్రి పది దాటితే చాలు, వాదన మొదలు.

మొదటి ఏడాది ఇద్దరం చేసిన తప్పు ఒకటే. అవతలివాడి గ్రంథాన్ని లాయరులా చదివేవాళ్లం, సొంత గ్రంథాన్ని భక్తుడిలా.

నేను బాగా దెబ్బతిన్న రోజు గుర్తుంది. యోహాను సువార్తలో (యేసు జీవితం చెప్పే నాలుగు పుస్తకాల్లో ఒకటి) వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని యేసు కాపాడిన కథ చెప్పి, "ఇంత గొప్ప మాట మీ దగ్గర ఉందా?" అన్నాను. వాడు నింపాదిగా, "అది అసలు యోహాను రాసిందేనట్రా?" అన్నాడు. కోపంతో వెతికాను. నాలుగో శతాబ్దానికి చెందిన సినాయ్, వాటికన్ అనే పాత బైబిల్ రాతప్రతుల్లో ఆ కథ లేదు. మార్కు సువార్త చివరి 12 వచనాలు కూడా వాటిలో లేవు. త్రిత్వానికి (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే నమ్మకానికి) సూటి ఆధారంగా చూపించే మొదటి యోహాను పత్రిక 5:7లోని మాటలను డచ్ పండితుడు ఎరాస్మస్ తన 1516 గ్రీకు ముద్రణలో వేయలేదు, గొడవ జరిగాక 1522లో చేర్చాడు. ఆ వారం నాకు నిజంగానే టెన్షన్. చిన్నప్పటి నుంచి ఒక్క అక్షరం మారలేదని విన్నవాణ్ణి కదా.

తర్వాత నెమ్మదిగా ఇంకో సంగతి అర్థమైంది. ఈ తేడాలు బయటపడిందే రాతప్రతులు అన్ని ఉండబట్టి. కొత్త నిబంధనకు ఒక్క గ్రీకులోనే 5,000కు పైగా పూర్తివో, ముక్కలో దొరికాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ ఏది చేరిందో చాలావరకు తెలిసిపోతుంది.

వాడి వంతు రాకపోలేదు. "మా ఖుర్ఆన్‌లో చుక్క కూడా మారలేదు" అనేవాడు. ఖలీఫా ఉస్మాన్ 650 ప్రాంతంలో ఒక ప్రతిని ప్రామాణికం చేసి, మిగతావి కాల్చేయమన్నాడని ముస్లింలు ప్రామాణికంగా చూసే బుఖారీ హదీసు సంకలనంలోనే ఉంది. యెమెన్‌లోని సనా పెద్ద మసీదులో 1972లో బయటపడ్డ పాత ప్రతుల్లో ఒకదాంట్లో, చెరిపేసిన అడుగు రాతలో కొన్ని పదాలు, సూరాల వరస వేరుగా ఉన్నాయి. అంతెందుకు, మొదటి సూరా ఫాతిహాలోనే, ఖుర్ఆన్ చదివే సంప్రదాయ పద్ధతుల్లో రెండైన హఫ్స్ పఠనంలో 'మాలిక్' అని, వర్ష్ పఠనంలో 'మలిక్' అని చదువుతారు. ఒకటి యజమాని, ఇంకోటి రాజు. ఇవన్నీ ప్రవక్త అనుమతించిన పఠన భేదాలే అంటాడు వాడు. మరోవైపు వాడి మాటలో బలం కూడా ఉంది. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలోని రెండు ఖుర్ఆన్ తోలు ఆకులను పరీక్షిస్తే ఆ తోలు 568-645 మధ్యదని తేలింది. తేలింది తోలు వయసే, సిరా వయసు కాదు. అయినా ప్రవక్త కాలానికి అంత దగ్గరి ఆధారం దొరకడం మామూలు విషయం కాదు. యేసు విషయంలో మాకు అలాంటిది లేదు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఒక మాట మార్పు లేకుండా మనదాకా చేరడం వేరు, అందులో చెప్పింది జరగడం వేరు, అది దేవుడి దగ్గర నుంచి రావడం ఇంకా వేరు. మొదటిది నిరూపించి మూడోది గెలిచామనుకుంటాం.

ఇక సిలువ. నా అభిప్రాయం దాచను, చరిత్ర పద్ధతిలో చూస్తే యేసును సిలువ వేశారన్న వైపే తూకం గట్టిగా ఉంది. సిలువ సంగతి చెప్పే, పౌలు కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం యేసు మరణం తర్వాత పాతిక సంవత్సరాలలోపుది. క్రైస్తవులంటే ఏమాత్రం గిట్టని రోమా చరిత్రకారుడు టాసిటస్ రెండో శతాబ్దం మొదట్లోనే, రోమా అధిపతి పిలాతు చేతిలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రాశాడు. 'ఆయన్ని చంపలేదు, సిలువ వేయలేదు' అనే ఖుర్ఆన్ 4:157 వచ్చింది దాదాపు 600 ఏళ్ల తర్వాత. ఇది చెప్తే మా వాడు నవ్వాడు: "చూసినవాడు దేవుడైతే ఆరొందల ఏళ్లు ఓ లెక్కా?" వాడి నమ్మకం లోపల నిలబడి చూస్తే అది సరైన జవాబే. కాకపోతే అది చరిత్రకారుడు ఇచ్చే జవాబు కాదు. అలాగే పునరుత్థానాన్ని టాసిటస్‌తో నిరూపించలేను, అది నా వైపు నమ్మకం. లూకా యేసు పుట్టుకతో ముడిపెట్టే, రోమా అధికారి కురేనియు చేయించిన జనగణన క్రీ.శ. 6 నాటిది, మత్తయి ప్రకారం యేసు పుట్టినప్పుడు బతికున్న హేరోదు క్రీ.పూ. 4లోనే పోయాడని ఎక్కువమంది పండితుల లెక్క. ఆ ముడి నేను ఇప్పటికీ విప్పలేదు.

ఇంకొకటి, వాడూ నేనూ చాలా ఆలస్యంగా గమనించింది. బైబిల్‌ని, ఖుర్ఆన్‌ని ఎదురెదురుగా పెట్టడమే కాస్త పొరపాటు. ముస్లింకి దేవుడి వాక్కు ఖుర్ఆన్. క్రైస్తవుడికి దేవుడి వాక్కు యేసు అనే మనిషి, సువార్తలు ఆయన గురించి మనుషులు ఇచ్చిన సాక్ష్యం. సాక్షులు నలుగురైనప్పుడు వివరాల్లో తేడా వస్తే నాకు పెద్ద గాబరా లేదు. ఖుర్ఆన్‌లో అదే తేడా వస్తే వాడికి పునాదే కదిలినట్టు. (నైసియాలో 325లో జరిగిన బిషప్పుల సభలో ఓట్లేసి బైబిల్ పుస్తకాలు ఎంచారనే కథ మాత్రం ఇద్దరూ వదిలేయండి. అక్కడి గొడవ క్రీస్తు దైవత్వం గురించి, పుస్తకాల జాబితా గురించి కాదు.)

చదవడం మొదలుపెట్టాలనుకుంటే లూకా మొదటి అధ్యాయం, సూరా మర్యమ్ పక్కపక్కన పెట్టుకోండి. రెండింట్లోనూ కథ మొదలయ్యేది మరియతో కాదు, పిల్లలు లేని ముసలి జెకర్యాతో. లూకాలో నమ్మనందుకు ఆయన నోరు పడిపోతుంది. ఖుర్ఆన్‌లో ఆయనే ఒక సూచన అడుగుతాడు, మూడు రాత్రులు ఎవరితోనూ మాట్లాడలేడు. మేమిద్దరం గొంతు పెంచకుండా చదివిన మొదటి పేజీలు అవే.