అప్పీలుకు వెళ్తే శిక్ష పెరుగుతుందా?

రోడ్డు ప్రమాదం కేసులో (పాత ఐపీసీ 304ఎ, అంటే నిర్లక్ష్యంతో ఒకరి చావుకు కారణం కావడం) మీ తమ్ముడికి మేజిస్ట్రేటు కోర్టు ఏడాది జైలు వేసిందని, సెషన్స్‌ కోర్టుకు వెళ్తే అది ఇంకా పెరుగుతుందని ఊళ్లో భయపెడుతున్నారని రాశారు. మా బావ లారీ డ్రైవరు. ఆయనకూ ఇదే సెక్షన్, ఇదే ఏడాది. "కదిలిస్తే రెండేళ్లవుతుంది, ఊరుకోండి" అని చెప్పినవాళ్లు మాకూ ఉన్నారు. ఆ సెక్షన్‌లో గరిష్ఠ శిక్ష నిజంగానే రెండేళ్లు కావడంతో ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది.

పెరగదు. శిక్ష పడినవాడు తనంతట తాను వేసుకున్న అప్పీలులో కోర్టు శిక్ష తగ్గించొచ్చు, అలాగే ఉంచొచ్చు, నిర్దోషి అని వదిలేయొచ్చు. పెంచడానికి మాత్రం వీల్లేదు. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, పాత సీఆర్‌పీసీలో 386, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 427 సెక్షన్ ఇదే చెబుతుంది. పెంచాలంటే శిక్ష చాల్లేదని ప్రభుత్వం విడిగా అప్పీలు వేయాలి, లేదా హైకోర్టు రివిజన్‌లో (కింది కోర్టు తీర్పు సరిగ్గా ఉందా అని పరిశీలించడంలో) చేపట్టాలి. ఎలాగైనా ముందు మీకు నోటీసిచ్చి మీ వాదన వినాల్సిందే. ప్రభుత్వం వేసిన ఆ అప్పీలులో అసలు నేరమే చేయలేదని కూడా మీరు వాదించుకోవచ్చు. చనిపోయినవాళ్ల కుటుంబం శిక్ష చాల్లేదన్న ఒక్క కారణంతో అప్పీలు వేయడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక తగ్గుతుందా అంటే, అది రికార్డులో ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. కింది కోర్టు వేసిన శిక్ష నేరానికి మించిపోయిందా, చూడాల్సిన సంగతులు వదిలేసిందా అన్నదే పై జడ్జి ముఖ్యంగా చూస్తారు. మా బావ అప్పీలులో మా లాయరు ముసలి తల్లి, చిన్నపిల్లలు, ఒక్కడి సంపాదన అని చెబుతున్నంతసేపూ జడ్జిగారు కాగితాలు తిప్పుతూ కూర్చున్నారు. రోజూ వినే మాటలే కదా! దెబ్బ తగిలినతన్ని బావే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడని ప్రాసిక్యూషన్ సాక్షి క్రాస్‌లో (మా వైపు లాయరు ఎదురు ప్రశ్నలు వేసినప్పుడు) ఒప్పుకున్న వాక్యం చూపించాక తలెత్తి, ఏ పేజీ అని అడిగారు. పాత కేసులేవీ లేకపోవడం, విచారణ ఏళ్ల తరబడి సాగినా ప్రతి వాయిదాకీ హాజరవడం కూడా తీర్పులో రాశారు. నేరం రుజువైందన్న దాన్ని కదపకుండా ఏడాదిని మూడు నెలలు చేశారు.

చనిపోయినవాళ్ల కుటుంబానికి ఎంతో కొంత ఇచ్చేస్తే జైలే ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి. 304ఎ రాజీ పడే సెక్షన్ కాదు. పంజాబ్ కేసొకటి ఉంది. అక్కడ కూడా ఏడాదే వేశారు. పరిహారం ఇచ్చాడని హైకోర్టు అప్పటికే గడిపిన 24 రోజులతో సరిపెట్టింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకెళ్తే 2015లో ఆరు నెలలు ఖాయం చేశారు. పరిహారం శిక్ష తగ్గడానికి పనికొస్తుంది, అంతవరకే.

సెషన్స్‌లో అప్పీలుకు గడువు 30 రోజులు. తీర్పు సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు అందులోంచి తీసేస్తారు. మీ తమ్ముడు ఇప్పటిదాకా బెయిల్ మీదే ఉంటే, అప్పీలు వేసుకునేదాకా మామూలుగా ఆ మేజిస్ట్రేటే బెయిలిస్తారు. తర్వాత శిక్ష సస్పెన్షన్ పిటిషన్ (అప్పీలు తేలేదాకా శిక్ష ఆపమని అడిగేది) అప్పీలుతో పాటే వేయించండి. రిమాండులో గడిపిన రోజులుంటే శిక్షలోంచి తగ్గుతాయి, ఆ లెక్క కూడా రాయించండి. గ్రౌండ్స్‌లో (అప్పీలుకు కారణాలు రాసే కాగితంలో) శిక్ష గురించి విడిగా పేరాలు ఉండేలా చూసుకోండి. మా లాయరు మొదట రాసిన కాగితంలో "శిక్ష ఎక్కువ" అని ఒక్క ముక్కే ఉంది, సాక్షి చెప్పిన మాట పేజీ నంబరుతో సహా మేమే అడిగి పెట్టించుకున్నాం.