డ్రమ్ము పట్టేసినప్పుడు ముందు చూడవలసింది ఏమిటి?

ప్రశ్న: రొయ్యల చెరువుల నుంచి ఐసు ప్లాంటుకు ట్రేలు తోలే చిన్న పికప్ ట్రక్కు నాకు ఉంది. వెనక బ్రేకు షూలను ఈసారి స్వయంగా మార్చుకుందామని చక్రాలు విప్పాను. షూలను కప్పి ఉండే డ్రమ్ము కుడివైపు తేలికగానే ఊడి వచ్చింది గాని, ఎడమవైపుది ఎంత కొట్టినా కదలడం లేదు. తుప్పు వదిలించే స్ప్రే రెండుసార్లు కొట్టి చూశాను. ఇంకా పెద్ద సుత్తి వాడవచ్చా? గ్యాస్ మంటతో వేడి చేయవచ్చా?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: సుత్తిని కాసేపు పక్కన పెట్టండి. డ్రమ్ము పోత ఇనుముతో చేసిన వస్తువు కాబట్టి, అంచు మీద దెబ్బ పడితే అది వంగదు, పెచ్చు ఊడుతుంది లేదా పగులుతుంది. ఆ పగులు ఇప్పుడు కంటికి ఆనకపోయినా, నిండు లోడుతో బ్రేకు నొక్కిన రోజున బయటపడవచ్చు.

కొన్ని ట్రక్కులలో ఇరుసు విప్పితేగాని డ్రమ్ము రాదు. మీకు కుడివైపుది తేలికగానే వచ్చిందన్నారు గనుక ఆ అనుమానం అక్కరలేదు. ఇక ఎడమవైపు దానిని పట్టుకుని ఉన్నది ఏమిటో తేల్చుకోవాలి. ముందు చక్రాలకు ముందూ వెనకా దుంగలు పెట్టి, ఇరుసు కింద గట్టి స్టాండ్లు నిలిపిన తరువాతనే హ్యాండ్ బ్రేకు విడిచి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, డ్రమ్మును చేత్తో తిప్పి చూడండి. జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు. ఇటుకలు పేర్చి వాటి మీద అసలే నిలపవద్దు.

డ్రమ్ము సాఫీగా తిరుగుతూ బయటికి మాత్రం రాకపోతే, అది హబ్బు దగ్గర, అంటే డ్రమ్మూ చక్రమూ కూర్చునే ఇరుసు చివరి భాగం దగ్గర, తుప్పుతో పట్టిందని అర్థం. తిరగడమే కష్టమైతే షూలు లోపల బిగిసి ఉన్నాయి. నాలుగైదు మిల్లీమీటర్లు కదిలి అక్కడే ఆగిపోతుంటే, డ్రమ్ము లోపలి గోడ అరిగి అంచున గట్టులాంటిది మిగిలింది, షూలు ఆ గట్టుకు తగులుతున్నాయి. ఈ మూడింటిలో మొదటిదానికి తప్ప స్ప్రే ఉపయోగపడదు.

షూల వల్లనే పట్టిందని తేలితే, వెనక పలకలో రబ్బరు మూత వేసిన సన్నని రంధ్రం కోసం చూడండి. అందులోంచి స్క్రూడ్రైవరు పోనిచ్చి, పళ్ల చక్రంలా ఉండే అడ్జస్టరును వెనక్కి తిప్పితే షూలు దగ్గరకు ముడుచుకుంటాయి. తనంతట తానే సర్దుకునే రకం అడ్జస్టరు అయితే, దానిని అడ్డుకునే చిన్న మీటను మరో సన్నని స్క్రూడ్రైవరుతో పక్కకు నెట్టి పట్టుకుని తిప్పాలి. కొన్ని వాహనాలలో హ్యాండ్ బ్రేకు కేబులే తుప్పుతో బిగిసి, పైన మీట విడిచినా కింద వదలదు. అప్పుడు కేబులును సర్దుబాటు నట్టు దగ్గర వదులు చేయాలి.

మీ సరుకును బట్టి చూస్తే మాత్రం తుప్పే దోషి అనుకుంటాను. ట్రేల నుంచి కారే ఐసు నీటిలో ఉప్పు ఉంటుంది, అది చాసిస్ మీదుగా జారి చక్రాల లోపలికి చేరుతుంది. తుప్పుగా మారిన ఇనుము మునుపటికంటే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది గనుక, హబ్బుకూ డ్రమ్ము మధ్య రంధ్రానికీ నడుమ ఉండే వెంట్రుకవాసి సందులో అది చీల దిగ్గొట్టినట్టు కూర్చుంటుంది. ఆ సందు చుట్టూ ఉన్న తుప్పును ముందు తీగ బ్రష్‌తో గీకి, అక్కడ మాత్రమే కొద్దికొద్దిగా నూనె వేసి, ఒక రాత్రంతా వదిలేయండి. స్ప్రే కొట్టిన అయిదు నిమిషాలకే ఫలితం కోసం చూడడం మనలో చాలామంది చేసే పొరపాటు. నూనె షూల లైనర్ల (డ్రమ్ముకు రాసుకునే పొరల) మీద పడితే బ్రేకు పట్టదు, షూలను నెట్టే వీల్ సిలిండరు రబ్బరుకు తగిలితే అది ఉబ్బి పాడవుతుంది, కాబట్టి ధారగా కొట్టవద్దు.

మరునాడు డ్రమ్ము ముఖం మీద మరలు కోసిన రెండు చిన్న రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. చాలా డ్రమ్ములకు ఉంటాయి, తుప్పు నిండి కనిపించకపోవచ్చు. ఎక్కువగా 8 మిల్లీమీటర్ల బోల్టులు వాటిలో పడతాయి. రెంటినీ ఎక్కించి, ఇటు పావు చుట్టు, అటు పావు చుట్టు చొప్పున బిగిస్తూ పోతే, అవి హబ్బును ఆనుకుని డ్రమ్మును సమానంగా బయటికి నెడతాయి. బోల్టులు బిగువుగా ఉన్నప్పుడు స్టడ్ల నడుమనున్న చదును భాగం మీద చెక్క సుత్తితో చుట్టూ తట్టండి. టక్కుమని శబ్దం వచ్చి డ్రమ్ము వదులుతుంది. ఒక్క బోల్టునే బిగిస్తే డ్రమ్ము వంకరపోయి మరింత పట్టేస్తుంది.

మంట సంగతి: 100 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న పోత ఇనుమును 200 డిగ్రీలు వేడెక్కిస్తే ఆ రంధ్రం 0.2 మిల్లీమీటరు మేరకు పెరుగుతుంది. తుప్పు పట్టు విడిపోవడానికి అది చాలుతుంది కూడా. అయినా పక్కనే బేరింగు గ్రీజు, ఆయిల్ సీలు, సిలిండరు రబ్బరు ఉన్నాయి, మీరు ఇప్పటికే స్ప్రే కొట్టి ఉన్నారు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరు మీద మంట పడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. కనుక ఇంటి దగ్గర వేడి చేయడానికి నేను సమ్మతించను. బోల్టులకు లొంగకపోతే, డ్రమ్మును లాగి తీసే పుల్లరు ఉన్న షెడ్డుకు తీసుకువెళ్లండి.

డ్రమ్ము వచ్చాక లోపలి దుమ్మును గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తిరిగి బిగించే ముందు హబ్బు అంచును నున్నగా రుద్ది, తుప్పు పట్టనివ్వని యాంటీ సీజ్ గ్రీజును పల్చగా పూస్తే, మరోసారి ఇంత శ్రమ ఉండదు.

ప్రశ్న: బ్రేకులో గాలి తీద్దామంటే, వీల్ సిలిండరు మీద గాలి వదిలే చిన్న మర, అదే బ్లీడర్ నిపుల్, తిరగడం లేదు, స్పానరు జారి మూలలు అరుగుతున్నాయి. ఏమి చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నిపుల్ లోపల బోలుగా ఉంటుంది, అందుకే పట్టుదలగా తిప్పితే సగానికి తెగి లోపలే మిగులుతుంది. పన్నెండు మూలల రింగు స్పానరు మానేసి, ఆరు మూలల సాకెట్టు వాడండి. నిపుల్ తల రంధ్రంలోకి సరిపోయే డ్రిల్లు ముక్క దూర్చి, దాని మీద చిన్న సుత్తితో పదిపన్నెండు సార్లు తేలికగా తట్టండి. ఆ అదురుకు మరలలోని తుప్పు చిట్లుతుంది. తరువాత విప్పే వైపుకు కాక, ముందు బిగించే వైపుకు ఒక రవ్వ కదిలించి, అప్పుడు వెనక్కి తిప్పండి. అయినా రాకపోతే వీల్ సిలిండరునే మార్చడం నయం. డ్రిల్లు చేసి కొత్త మరలు కోయించే కూలి దాని ఖరీదుకు దగ్గరగా వస్తుంది. కాని సిలిండరు విప్పేటప్పుడు పైపు నట్టు తుప్పుతో పైపుకే అతుక్కుని ఉందేమో గమనించాలి, ఎందుకంటే నట్టుతో పాటు పైపు మెలితిరిగితే ఆ పైపునూ మార్చక తప్పదు.

ప్రశ్న: మా పది చక్రాల లారీకి కూడా ఇదే పద్ధతిలో డ్రమ్ములు విప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: వద్దు. అది గాలి బ్రేకుల బండి. ట్యాంకులో గాలి లేనప్పుడు వెనక బ్రేకులు స్ప్రింగు బలంతో వాటంతట అవే పట్టి ఉంటాయి. ఆ స్ప్రింగు చాంబరు బిగింపు పట్టీని తెలియక విప్పితే, లోపల నొక్కి ఉంచిన స్ప్రింగు మనిషి ప్రాణం తీసేంత వేగంతో బయటికి వస్తుంది. ఆ పనిని గాలి బ్రేకులు తెలిసిన మెకానిక్కుకే అప్పగించండి.