ఎనిమిది మొక్కలు, మూడు కాయలు

బ్రాడీపేట, గుంటూరు
జూన్ 12

చిట్టీ,

ఎనిమిది మిరప మొక్కలకు మూడే కాయలు కాశాయని రాసి నువ్వు పంపిన ఫోటో కళ్ళజోడు పెట్టుకుని, వేళ్ళతో సాగదీసి మరీ చూశాను. మొక్కలు నీ నడుము దాకా ఉన్నాయి. ఆకు నల్లగా నిగనిగలాడుతోంది. కొత్తవాళ్ళెవరైనా చూస్తే ఎంత బాగా పెంచావో అంటారు. నాకు మాత్రం చూడగానే యూరియా కనబడింది. కింది ఫ్లాటావిడ వేయమన్నారని రాశావు కదా, ఆవిణ్ణి ఏమీ అనకు గానీ ఆ పొట్లం ఇక తీయకు. యూరియాలో ఉండేది నత్రజని, అది ఎక్కువైతే మిరప ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతుందే గానీ పూత మీదికి రాదు.

వచ్చిన ఆ కాస్త పూతా ఎందుకు రాలిందంటే, నువ్వు విత్తనం వేసింది ఫిబ్రవరిలో. పూతకొచ్చేసరికి మే నెల. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్ళు కూడా సెగ తగ్గకపోతే మిరప పిందె కట్టదు. పువ్వు కాడ పసుపు రంగుకు తిరిగి టపటపా రాలిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, బెజవాడ పటమటలో మూడో అంతస్తు బాల్కనీలో పువ్వెక్కడ నిలుస్తుంది? అందులో నీ తప్పేమీ లేదు. కాకపోతే పూత రాలుతుంటే బలం చాల్లేదనుకుని ఇంకో చెంచా ఎరువు వేసుంటావు చూడు, అదీ తప్పు. మనింట్లో ఎవరికి జ్వరమొచ్చినా మీ అమ్మ నెయ్యి వేసి అన్నం పెట్టేది, నీకూ ఆ బుద్ధే వచ్చింది.

పీకి పారేయమంటావా అని అడిగావు. వద్దు. మిరప మన గడ్డది కాదు, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. అప్పటిదాకా మనకు కారమంటే మిరియాలే, ఆ మిరియం నుంచే దీనికి మిరప అని పేరొచ్చింది. పుట్టిన చోట అది ఏళ్ళ తరబడి బతికే పొద. మన చేలల్లో ఏటా పీకేస్తాం కాబట్టి ఒక్క పంటకే చచ్చిపోతుందనుకుంటాం. నాలుగు వానలు పడి చల్లబడ్డాక, శుభ్రమైన కత్తెరతో మట్టి నుంచి జానెడున్నర ఎత్తు ఉంచి పైదంతా కత్తిరించు. మొదటి పంగలు నిలవాలి, అది చూసుకో. రెండు మూడు వారాల్లో చిగుళ్ళు వస్తాయి, చలికాలం ముందు పూస్తాయి.

ఇది ఆరు మొక్కలకే. ఫోటోలో కుడి చివర రెండున్నాయే, ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, గుత్తిలా ముద్దగట్టినవి, వాటికి బొబ్బర తెగులు. అది వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది. దానికి మందు లేదు, ఎవరైనా ఉందని అమ్మితే కొనకు. సంచితో కప్పి, వేరుతో సహా పీకి మూటగట్టి చెత్తబండిలో వేసేయ్. జాలిపడి ఉంచావంటే మిగతా ఆరూ పోతాయి.

ఆకు ముడత పడినదల్లా బొబ్బర కాదు, అందుకే ఆకు తిప్పి చూడడం నేర్చుకో. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే తామర పురుగు. అంచులు కిందికి వంగి, తిరగేసిన దోనెలా అయి, కాడ సాగితే తెల్లనల్లి. మా నాన్న చేలోకి దిగగానే మొక్క వంక చూసేవాడు కాదు, లేత కొమ్మ పట్టుకుని ఆకు వెనక్కి తిప్పేవాడు. పురుగుకైతే లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి బాగా గిలకొట్టి, సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టు. పైన కొడితే పురుగు గొడుగు కింద కూచున్నట్టు కూచుంటుంది. నల్లికైతే నీళ్ళలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. వేపనూనె కొట్టిన రెండు వారాల దాకా గంధకం కొట్టకు, ఆకు మాడిపోతుంది. మండే ఎండలోనూ కొట్టకూడదు.

పూతలో ఇంకొకటి కూడా చూడాలి. అరచేతిలో తెల్లకాగితం పెట్టి పువ్వును దాని మీద తట్టు. నల్లగా, ఆవగింజలో పావు వంతు కూడా లేనివి, కదిలేవి రాలితే అది నల్ల తామర పురుగు. 2021 చివర్లో మన జిల్లాను ఏడిపించింది అదే. ఆ సంక్రాంతికి ఊరెళ్తే మీ మామయ్య చేలో పువ్వుకు పది పదిహేను కనబడ్డాయి. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు, చివరికి చేను దున్నించేశాడు. మా మేడ మీద పన్నెండు మొక్కలకీ పట్టింది. కుండీలు పన్నెండే కాబట్టి రోజూ పట్టిన పూతంతా కోసి సబ్బు నీళ్ళలో వేసి, నీలం రంగు జిగురు అట్టలు కట్టి గట్టెక్కాను. ఎకరాల్లో ఆ పని ఎవరు చేయగలరు?

ఇక కొత్త మొక్కల సంగతి. విత్తనం పునర్వసు కార్తెలో, అంటే జులైలో పొయ్యి. వంటింటి ఎండుమిరపలో గింజలు మొలుస్తాయి, కాదనను. అయితే హైబ్రిడ్ కాయ గింజ తల్లిలా కాయదు. మన గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో తయారైన జి4 రకం గింజలు నా దగ్గర ఉన్నాయి. భాగ్యలక్ష్మి అని దానికే పేరు, పచ్చిమిర్చికి బాగుంటుంది. ట్రేలో కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి అర అంగుళానికి మించని లోతులో వెయ్యి. వారం పది రోజుల్లో మొలుస్తాయి. మొలిచాక నీళ్ళు ఎక్కువైతే మొదలు దగ్గర మెత్తబడి పడిపోతాయి, నారుకుళ్ళు అంటారు. పైన పాత పల్చటి ఓణీ కప్పి ఉంచు, తెల్లదోమ దూరకుండా. ఆరు వారాలకు జానెడు ఎత్తు వస్తే సాయంత్రం పూట నాటు.

మట్టి దగ్గర నా పరువు పోయిన కథ చెప్తాను. నేను మేడ మీద కుండీలు పెట్టిన మొదటి ఏడు, ఊరి నుంచి నల్లరేగడి రెండు గోతాలు బస్సు మీద వేయించి తెప్పించుకున్నాను. మా నాన్న ఆ మట్టిలో మిరప పండించే మా ముగ్గురు అక్కచెల్లెళ్ళకీ పెళ్ళిళ్ళు చేశాడు, అంతకన్నా మంచి మట్టి ఎక్కడుంటుందని నా పొగరు. చేలో అయితే వేరు కిందికి దిగుతుంది, నీరూ దిగుతుంది. కుండీలో ఎండితే ఇటుక, తడిస్తే బురద. తొమ్మిది మొక్కలు వేరుకుళ్ళుతో పోయాయి. మీ పెదనాన్న ఇప్పటికీ ఆ గోతాల చార్జీ గుర్తుచేస్తారు. నువ్వు ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, గుప్పెడు వేపపిండి కలుపు. రంగుల డబ్బా బకెట్ 20 లీటర్లది అడుగున ఆరు చిల్లులు పెట్టి వాడు, ఒక్కో దానికి ఒక్క మొక్కే. ఎండ కనీసం ఆరు గంటలు తగలాలి, వంటింటి వైపు బాల్కనీ పనికిరాదు.

పొద్దున, సాయంత్రం రెండు పూటలా నీళ్ళు పోస్తున్నావు కదూ, మానెయ్. రెండో కణుపు దాకా వేలు గుచ్చి, తడి తగలకపోతేనే పొయ్యి. మధ్యాహ్నం ఆకులు వాలితే కంగారు పడకు, సాయంత్రానికి లేస్తాయి. తెల్లారి కూడా వాలి ఉంటే అప్పుడు ఆలోచించాలి. పూత మొదలయ్యాక ఇరవై రోజులకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. అరటి తొక్కల నీళ్ళు పోస్తే కాయలు విరగకాస్తాయని వీడియోల్లో చూసి అడిగావు. పోసుకో, నష్టం లేదు, నాకైతే లాభమూ కనబడలేదు.

కాప్సికం వేయనా అని కూడా అడిగావు, అది మన ఎండలకు మొండికేస్తుంది. సెప్టెంబరు చివర విత్తితే చలికాలంలో మొక్కకు నాలుగు వస్తే గొప్ప. బజ్జీ మిర్చి పెట్టుకో, ఇంట్లోవాళ్ళు నిన్ను మెచ్చుకుంటారు.

కాయ పట్టాక వెంటవెంటనే కొయ్యి. చెట్టున పండితే మొక్క బలమంతా గింజకే పోతుంది, కొత్త పూత తగ్గుతుంది. ఒక్క మొక్కను మాత్రం పండనివ్వు, పండుమిరప పచ్చడికీ, విత్తనానికీ. కోసేటప్పుడు ఓ చేత్తో కొమ్మ పట్టుకుని, తొడిమతో సహా పైకి ఎత్తి లాగు, కిందికి లాగితే కొమ్మ చీలుతుంది. అసలు కారమంతా గింజల్లో ఉండదే, గింజలు అంటుకున్న ఆ తెల్లటి పొరలో ఉంటుంది. పిల్లాడికి పప్పులో వేసేటప్పుడు అది గీకెయ్యి, కళ్ళు మాత్రం నలుపుకోకు.

గింజలు కాగితంలో చుట్టి పాత హార్లిక్స్ సీసాలో పెట్టాను. ఆదివారం వచ్చి తీసుకుపో, పెయింటర్ల దగ్గర తెచ్చిన బకెట్లు మూడున్నాయి, అవీ పట్టుకుపో. వచ్చేలోపు మళ్ళీ ఫోటో పంపితే మొక్కది వద్దు, ఆకు అడుగుది తీసి పంపు.

మీ పెద్దమ్మ